కొలిచేవాళ్లే... చెప్పేవాళ్లు లేరు!

167.6, 86.3, 5. ఈ మూడు అంకెలూ ఉత్తరాంధ్ర కుర్రాళ్లకు కంఠతా వచ్చు. పోలీసు కానిస్టేబుల్ ఉద్యోగానికి ఎత్తు 167.6 సెంటీమీటర్లు ఉండాలి. ఛాతీ 86.3 ఉండాలి, ఊపిరి పీలిస్తే ఇంకో 5 పెరగాలి. పాడేరు, అరకు వైపు ఏజెన్సీ గిరిజన యువకులకైతే 160, 80, 3. ఆర్మీకి ఇంకో పట్టిక. శ్రీకాకుళం నుంచి అనకాపల్లి దాకా ఏ ఊరి గ్రౌండులో చూసినా తెల్లారకముందే పరుగులు తీసే పిల్లలు కనిపిస్తారు. వాళ్లలో చాలామంది ఎప్పుడో ఒకప్పుడు విశాఖ వచ్చి టేపు ముందు నిలబడతారు. అరసెంటీమీటరు తగ్గి ఇంటికెళ్లినవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు.

భారతీయ యువకుడు 19 ఏళ్లకు సగటున 166 సెంటీమీటర్ల చిల్లర ఎత్తుంటాడని అంతర్జాతీయ పరిశోధకుల అంచనా. అంటే పోలీసు టేపు సగటు కుర్రాణ్ని గేటు బయటే ఆపేస్తోంది. డిపార్టుమెంటుకు దాని కారణాలు దానికున్నాయి, ఆ తగువు మనకొద్దు. కానీ ఉద్యోగానికి కావలసిన కొలత వేరు, ఆరోగ్యానికి కావలసిన కొలత వేరు. మొదటిది నోటిఫికేషన్‌లో అచ్చవుతుంది. రెండోది కుర్రాడికి ఎవరూ చెప్పరు.

పరుగు పందెం దాటి, టేపు దాటి, చివర్లో మెడికల్‌కి వెళ్లాక ఇంకో సంగతి బయటపడుతుంది. అక్కడ డాక్టరు బట్టలు విప్పించి చూస్తాడు. వృషణం ఒకటి కిందికి దిగలేదనో, వెరికోసిల్ ఉందనో, వరిబీజం ఉందనో, రొమ్ములు పెరిగాయనో కాగితం మీద రాస్తాడు. 19, 20 ఏళ్లొచ్చాక, ఉద్యోగం చేతికందే వేళ, తన ఒంటి గురించి ఒక పెద్దమనిషి తనతో మాట్లాడడం ఆ కుర్రాడికి అదే మొదటిసారి. అప్పటిదాకా మాట్లాడింది ఎవరు? హాస్టల్ గదిలో స్నేహితులు, ఫోన్‌లో వీడియోలు, గోడమీద పోస్టర్లు.

దీనివల్ల జరుగుతున్న నష్టం రెండు రకాలు. మందే అక్కర్లేని వాటికి కుర్రాళ్లు వేలకు వేలు పోస్తున్నారు. మందు కావలసిన వాటిని సిగ్గుతో దాచుకుంటున్నారు.

పంచెల ఫంక్షన్ అయింది, సరే!

ఆడపిల్ల పెద్దమనిషైతే అమ్మో, అమ్మమ్మో, పెద్దమ్మో దగ్గర కూర్చోబెట్టుకుని తప్పో ఒప్పో నాలుగు మాటలు చెబుతారు. మగపిల్లాడికి పంచెల ఫంక్షన్ చేస్తాం. గాజువాకలోనో పెందుర్తిలోనో హాలు బుక్ చేసి, ఫ్లెక్సీ కొట్టించి, బంధువులందర్నీ పిలిచి భోజనాలు పెడతాం. ఆ పంచె కట్టినవాడి ఒంట్లో ఏం మొదలవుతోందో చెప్పే బాధ్యత మాత్రం ఎవరిదీ కాదు. తండ్రి స్టీల్‌ప్లాంటులో నైట్ షిఫ్టుకి పోతాడు, మావయ్య పోర్టులో డ్యూటీకి పోతాడు. ఖాళీగా ఉన్న రోజున కూడా ఆ ఊసెత్తడానికి ఇద్దరికీ నోరు రాదు. పైగా ఎదురైనప్పుడల్లా ఒక వేళాకోళం: ‘ఏట్రా గుంటడా, ఇంకా మీసం మొలవలేదేటి?’

ఈ ప్రశ్నకు జవాబు యాభై ఏళ్ల కిందటే దొరికింది. బ్రిటిష్ శిశువైద్యుడు జేమ్స్ టానర్, ఆయన సహచరుడు మార్షల్ కలిసి 228 మంది మగపిల్లల ఎదుగుదలను ఏళ్ల తరబడి గమనించి 1970లో ఫలితాలు ప్రకటించారు. ఎక్కువమంది పిల్లల్లో యవ్వన మార్పులు తొమ్మిదిన్నర నుంచి పదమూడున్నర ఏళ్ల మధ్య ఎప్పుడైనా మొదలయ్యాయి. 13 నుంచి 17 ఏళ్ల మధ్య ఎప్పుడైనా పూర్తయ్యాయి. మొదలైన దగ్గర్నుంచి పూర్తయ్యేందుకు ఒకడికి రెండేళ్లు కూడా పట్టలేదు, ఇంకొకడికి నాలుగున్నరేళ్లు దాటింది. అందరూ ఆరోగ్యవంతులే. ఈ లెక్కన మన తొమ్మిదో తరగతి బెంచీ మీద పక్కపక్కన కూర్చున్న ఇద్దరిలో ఒకడికి గొంతు మారి, మీసం నల్లబడి ఉండొచ్చు. రెండోవాడికి అసలు ఏదీ మొదలై ఉండకపోవచ్చు. మాస్టారు ఇద్దర్నీ ఒకే వరసలో నిలబెట్టి కబడ్డీ ఆడిస్తారు. చిన్నవాడు ఓడిపోతాడు, తనలో ఏదో లోపముందని ఇంటికొచ్చి అద్దం ముందు నిలబడతాడు.

వరస మాత్రం దాదాపు అందరికీ ఒకటే. ముందు వృషణాలు పెరుగుతాయి, ఆ తర్వాత వెంట్రుకలు, అంగం ఎదగడం, ఎత్తు పెరగడం, గొంతు మారడం. మీసం, గడ్డం చివర్న వస్తాయి. మనవాళ్లు చివర్న వచ్చేదాన్ని పట్టుకుని మొదటి పరీక్షగా పెట్టారు! పై పెదవి మీద నూగు ముందు, చెంపలు తర్వాత, గడ్డం ఆ తర్వాత. నిండుగా రావడానికి 20 దాటి ఇంకా కొన్నేళ్లు పట్టేవాళ్లు బోలెడుమంది. నాన్నకో మేనమామకో గడ్డం ఎప్పుడొచ్చిందో కనుక్కుంటే సగం జవాబు దొరుకుతుంది. ఎత్తు సంగతీ అంతే. ఆలస్యంగా ఎదిగే పిల్లల్లో ఎక్కువమందికి అది ఇంటి పోలికే. తండ్రి ఇంటర్ అయ్యాక సర్రున పెరిగి ఉంటే కొడుకు పదో తరగతిలో పొట్టిగా ఉన్నాడని బెంగ అక్కర్లేదు. ఎముకల చివర పెరిగే భాగాలు మూసుకుపోయాక ఎత్తు ఆగిపోతుంది, చాలామందికి అది 16 నుంచి 18 ఏళ్ల మధ్య జరుగుతుంది. ఆ తర్వాత ఏ పొడీ, ఏ మాత్రా, ఏ వేలాడుడూ ఒక్క సెంటీమీటరు పెంచవు. ఆర్మీ ర్యాలీ ముందు నెలలో ‘హైట్ పౌడర్’ డబ్బా కొనేవాడు ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకుంటే తల్లి పుస్తెల మీద తెచ్చిన అప్పు మిగులుతుంది.

రెండు బనీన్లు వేసుకునే పిల్లలు

విశాఖలో ఏడాదిలో ఎన్ని నెలలు ఉక్కపోతో అందరికీ తెలుసు. అంత ఉక్కలోనూ కొందరు పిల్లలు చొక్కా కింద రెండు బనీన్లు వేసుకుంటారు. ఆర్కే బీచ్‌కి అందరితో వెళ్తారు గానీ నీళ్లలో చొక్కా విప్పరు. చనుమొన కింద గట్టిగా, ముట్టుకుంటే నొప్పిగా ఒక బిళ్ల తగులుతుంది. తాను ఆడపిల్లగా మారిపోతున్నానేమోనని ఆ పిల్లాడు లోపల్లోపల వణికిపోతాడు. ఎదిగే వయసులో మగపిల్లల్లో దాదాపు సగం మందికి ఇది ఏదో ఒక మేరకు వస్తుంది. హార్మోన్ల పాళ్లు సర్దుకునేదాకా ఉండి, ఎక్కువమందిలో ఆరు నెలల నుంచి రెండేళ్లలో దానంతటదే తగ్గిపోతుంది. రెండేళ్లు దాటినా తగ్గకపోతే, బాగా పెరిగిపోతుంటే, మొనల నుంచి ఏదైనా కారుతుంటే డాక్టరుకు చూపించాలి. లావుగా ఉన్న పిల్లల్లో కొవ్వు కూడా అలాగే కనిపిస్తుంది, అది వేరే సంగతి.

ఇక అసలు గుబులు. వృషణాలు రెండూ ఒకే ఎత్తులో లేవని, ఒకటి చిన్నదని కంగారుపడే యువకులు ఏ ఊళ్లోనైనా ఉంటారు. అవి సమానంగా ఉండవు. ఎక్కువమందికి ఎడమది కాస్త కిందికి వేలాడుతుంది. వీర్యకణాలు తయారవడానికి ఒంటి వేడికన్నా రెండు మూడు డిగ్రీలు తక్కువ వేడి కావాలి. అందుకే ప్రకృతి వాటిని బయట సంచిలో పెట్టింది. మే నెల మధ్యాహ్నం మల్కాపురంలో ఆ సంచి సాగి వేలాడుతుంది, డిసెంబరు తెల్లవారుజామున లంబసింగిలో ముడుచుకుపోతుంది. ఒకే మనిషి, ఒకే రోజు, చన్నీళ్ల స్నానానికి ముందూ వెనకా కూడా తేడా కనిపిస్తుంది. జబ్బని బెదిరిపోయే ఈ ముడుచుకోవడం ఒంట్లో ఉన్న చక్కటి ఏర్పాటు.

అంగం చిన్నదన్న భయం గురించి డొంకతిరుగుడు లేకుండా చెప్పుకోవాలి. 2015లో బ్రిటన్ యూరాలజీ పత్రిక ఒకటి వివిధ దేశాల్లో వైద్యులు కొలిచిన 15 వేల మందికి పైగా వయోజనుల లెక్కలన్నీ కలిపి ప్రచురించింది. మామూలు స్థితిలో సగటు 9.16 సెంటీమీటర్లు, గట్టిపడినప్పుడు 13.12. ఫోన్ తెర మీద చూసి మనసులో పెట్టుకున్న కొలతకూ దీనికీ పొంతన ఉండదు. పైగా తనది తాను పైనుంచి కిందికి చూసుకుంటాడు, ఎదుటివాడిది ఎదురుగా చూస్తాడు, తనది చిన్నగానే కనిపిస్తుంది. ‘చిన్నది’ అని వైద్యుల దగ్గరికొచ్చే పురుషుల్లో అత్యధికులు మామూలు కొలతల్లోనే ఉంటారు. పెంచే నూనె లేదు, మాత్ర లేదు, పంపు కూడా లేదు.

ధాతువు పోతోందన్న భయం

బస్టాండు చుట్టుపక్కల మూత్రశాలల గోడలు చదివితే చాలు, ఈ వ్యాపారం ఎంత పాతదో తెలుస్తుంది. ‘చిన్ననాటి చెడు అలవాట్లు’, ‘నరాల బలహీనత’, ‘పెళ్లికి భయపడుతున్నారా?’ నెలకో రెండు రోజులు లాడ్జీ గదిలో దిగే ‘స్పెషలిస్టు’ల తరం ఇంకా పోలేదు, కొత్తగా ఫోన్‌లోకి కూడా వచ్చింది. నిద్రలో వీర్యం పోయిందని, మూత్రంలో తెల్లగా వస్తోందని, దాంతోపాటే ఒంట్లో బలమంతా కారిపోతోందని యువకుడు భయపడతాడు. వాళ్లు ఆ భయానికి ఒక పేరు, ఒక కోర్సు, ఒక ధర పెడతారు.

ఈ భయాన్ని మన దేశపు మానసిక వైద్యుడు డాక్టర్ ఎన్.ఎన్. విగ్ 1960లో ‘ధాత్ సిండ్రోమ్’ అని పేరు పెట్టి వైద్య గ్రంథాల్లోకి ఎక్కించారు. తర్వాత ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల వర్గీకరణలోనూ దానికి చోటు దొరికింది. నీరసం, గుండెదడ, నిద్రపట్టకపోవడం ఇవన్నీ ఆ యువకుడికి నిజంగానే ఉంటాయి. వాటికి మూలం పోయిన వీర్యంలో లేదు, పోయిందన్న దిగులులో ఉంది. ఎన్నో చుక్కల రక్తం ఇంకితే ఒక్క చుక్క వీర్యం పుడుతుందన్న మాట మన నానుడిలో ఉంది గానీ శరీరశాస్త్రంలో లేదు. వీర్యంలో అత్యధిక భాగం ప్రోస్టేట్, దాని పక్క గ్రంథులు స్రవించే ద్రవమే, కణాలు అందులో కొద్ది శాతం. ఆ కణాలు రోజూ కొత్తగా తయారవుతూనే ఉంటాయి. వాడినా వాడకపోయినా తయారీ ఆగదు, నిండినది నిద్రలో పోతుంది. మూత్రం కొన్నిసార్లు తెల్లగా మసకబారడానికి అందులోని ఫాస్ఫేట్ లవణాలు చాలు. హస్తప్రయోగం వల్ల నరాలు చచ్చుబడవు, అంగం వంకరపోదు, పెళ్లికి పనికిరాకుండా పోరు.

ఈ భయానికి మన ఆయుర్వేదాన్ని ఒక్కదాన్నే తప్పుపట్టాల్సిన పనిలేదు. స్విట్జర్లాండ్ వైద్యుడు టిస్సో 1760లోనే హస్తప్రయోగం మనిషిని ఎండగట్టి చంపుతుందని పుస్తకం రాసి యూరప్ మొత్తాన్ని బెదరగొట్టాడు. తెలుగునాట ఆ భయాన్ని పోగొట్టేందుకు నాస్తికవాది గోరా కుమారుడు, విజయవాడ వైద్యుడు డాక్టర్ జి. సమరం దశాబ్దాల పాటు వారపత్రికల్లో పాఠకుల ప్రశ్నలకు జవాబులు రాశారు. పెద్దవాళ్లు ఆ పేజీని దాచేవారు, పిల్లలు వెతికి మరీ చదివేవారు. ఆ జవాబులు ఎన్ని ఇళ్లలో ఎంతమంది ప్రాణాలు కుదుటపరిచాయో! ఇవాళ చేతిలో ప్రపంచమంతా ఉంది, ఆ పేజీ మాత్రం లేదు.

చట్టం లేదా అంటే, ఉంది. లైంగిక శక్తి పెంచుతామని మందులకు ప్రకటనలివ్వడాన్ని 1954 నాటి మందులు, మాయమందుల ప్రకటనల చట్టం నిషేధించింది. మొదటి తప్పుకు ఆరు నెలల వరకు జైలు, మళ్లీ చేస్తే ఏడాది. ఔషధ నియమావళిలోని ‘షెడ్యూల్ జె’లో ఫలానా వాటిని నయం చేస్తామని ఏ మందూ చెప్పుకోకూడదంటూ 51 అంశాల జాబితా ఉంది. ఎత్తు పెంచడం అందులో ఉంది, అంగం పరిమాణం పెంచడం కూడా ఉంది. అంటే ఆ గోడమీద పోస్టరు, ఆ హైట్ పౌడర్ డబ్బా రెండూ ఒకే జాబితా కిందికి వస్తాయి. కానీ మోసపోయినవాడు ఫిర్యాదు చేయాలంటే తన సమస్యను నలుగురికీ చెప్పుకోవాలి. ఆ సిగ్గే మోసగాళ్ల పెట్టుబడి.

ఆ సిగ్గు ఎలాంటిదో ‘కేరాఫ్ కంచరపాలెం’ చూసినవాళ్లకు చెప్పక్కర్లేదు. 2018లో వెంకటేష్ మహా ఆ పేటవాళ్లనే నటులుగా పెట్టి తీసిన ఆ సినిమాలో, పెళ్లికాని నడివయసు రాజు మగతనం మీద ఊరంతా గుసగుసలాడుతుంది. సినిమా కాబట్టి నవ్వుకున్నాం. ఆ గుసగుసకు భయపడే నిశ్చితార్థం ముందు లాడ్జీ మెట్లెక్కే కుర్రాళ్లున్నారు.

కండల కోసం సూది

బీచ్ రోడ్డులో కోడి రామ్మూర్తి నాయుడు విగ్రహముంది. వీరఘట్టంలో పుట్టి, కలియుగ భీముడనిపించుకుని, గొలుసులు తెంచి, ఏనుగును ఛాతీ మీద నిలబెట్టుకున్న మనిషి. ఆయన కండ ఏళ్ల తరబడి వ్యాయామంతో వచ్చింది. ఇప్పుడు జిమ్‌లో చేరిన మూడో నెలకే అద్దంలో మార్పు కనిపించాలి. కనిపించకపోతే ఎవరో ఒకరు సూది సంగతి చెవిన వేస్తారు. విడ్డూరం ఏమిటంటే, మగతనం కోసం పొడిపించుకునే ఆ టెస్టోస్టిరాన్ బాపతు స్టెరాయిడ్లు లోపలి తయారీని ఆపేస్తాయి. బయటనుంచి వస్తోంది కదా అని మెదడు వృషణాలకు పని చెప్పడం మానేస్తుంది. అవి చిన్నవైపోతాయి, వీర్యకణాలు తగ్గిపోతాయి, కొందరికి రొమ్ములు కూడా పెరుగుతాయి. ఏ మూడింటికి భయపడి జిమ్‌కి వెళ్లాడో ఆ మూడూ డబ్బిచ్చి తెచ్చుకున్నట్టు.

చూపించాల్సింది ఎప్పుడు?

ఇంతసేపూ భయపడొద్దని చెప్పాం. భయపడాల్సినవీ ఉన్నాయి, అవే ఎక్కువగా దాగిపోతున్నాయి.

అన్నిటికన్నా ముందు వృషణం మెలిక పడడం. ఎక్కువగా 12 నుంచి 18 ఏళ్ల పిల్లల్లో, ఒక్కోసారి నిద్రలోనే, హఠాత్తుగా ఒక వైపు భరించలేని నొప్పి వస్తుంది. వాంతులవుతాయి. సిగ్గుతో పిల్లాడు కడుపునొప్పి అంటాడు. అమ్మ వాము నీళ్లిస్తుంది, నాన్న గ్యాస్ మాత్ర తెస్తాడు. మెలికపడ్డ చోట రక్తం ఆగిపోతుంది. ఆరు గంటల్లోపు ఆపరేషన్ చేసి మెలిక విప్పితే వృషణం దక్కే అవకాశం ఎక్కువ. తెల్లారేదాకా ఆగితే తీసేయాల్సి రావచ్చు. ‘ఎక్కడ నొప్పి’ అని తల్లిదండ్రులు మొహమాటం లేకుండా అడగాల్సిన సందర్భం ఇదొక్కటైనా ఉంది.

రెండోది, 14 ఏళ్లు నిండినా వృషణాలు పెరగడం మొదలవకపోతే. ఎక్కువమంది ఇంటి పోలికతో ఆలస్యమైనవాళ్లే అయినా, ఒక్కసారి డాక్టరు చూడాలి. పిల్లాడికి మల్లెపూల వాసన తెలుస్తోందా అని డాక్టరు అడిగితే నవ్వకండి. యవ్వనం మొదలవని కొందరిలో వాసన తెలిసే శక్తి కూడా ఉండదు, ఆ జబ్బుకు హార్మోన్ ఇంజెక్షన్లతో వైద్యముంది. ఇంకో రకం పుట్టుకతో అదనపు ఎక్స్ క్రోమోజోమ్ ఉన్నవాళ్లది, క్లైన్‌ఫెల్టర్ అంటారు. దాదాపు 600 మంది మగవాళ్లలో ఒకరికి ఉంటుందని అంచనా. పొడుగ్గా ఎదుగుతారు, వృషణాలు మాత్రం చిన్నగానే ఉండిపోతాయి. పెళ్లయి పిల్లలు పుట్టనప్పుడు గానీ చాలామందికి తెలియదు. ఒక్క రక్తపరీక్షతో బయటపడే సంగతి అది.

వరిబీజం మాట మన తీరానికి కొత్తకాదు. బోదకాలు దోమలతో పాటు అదీ తాతల కాలం నుంచి ఇక్కడ ఉంది. నొప్పి లేకుండా సంచి ఉబ్బితే చాలామంది పంచె చాటున బతుకంతా మోశారు. చిన్న ఆపరేషన్‌తో పోతుంది. వెరికోసిల్ అంటే వృషణాల పైన సిరలు ఉబ్బి తాళ్లలా తగలడం, ఎక్కువగా ఎడమవైపు, నూటికి 15 మంది మగవాళ్లలో ఉంటుంది. అందరికీ ఆపరేషన్ అక్కర్లేదు. సంచిలో ఒకటే తగిలితే, రెండోది కడుపులో ఉండిపోయిందేమో చూపించాలి. పసితనంలోనే, ఏడాదిన్నర లోపు సరిచేయాల్సిన లోపమది. వృషణంలో నొప్పిలేని గట్టి గడ్డ తగిలినా వెంటనే వెళ్లాలి. ఆ క్యాన్సర్ అరుదు, కానీ వచ్చేది ఎక్కువగా యువకులకే. తొలిదశలో పట్టుకుంటే చాలావరకు పూర్తిగా నయమవుతుంది.

ఎక్కడికి వెళ్లాలి? 10 నుంచి 19 ఏళ్ల వాళ్ల కోసమే కేంద్రం 2014 జనవరిలో రాష్ట్రీయ కిశోర్ స్వాస్థ్య కార్యక్రమం మొదలుపెట్టింది. ఆ వయసువాళ్లతో విడిగా, గోప్యంగా మాట్లాడే క్లినిక్‌లు ప్రభుత్వాసుపత్రుల్లో ఉండాలన్నది దాని ఉద్దేశం. ఆ బోర్డు ఒక్కటీ చూడని యువకులే ఎక్కువ, కాలేజీల గోడల మీద రాయించాల్సిన చిరునామా అది. 1923 నుంచి ఉత్తరాంధ్రకంతటికీ పెద్దదిక్కైన కేజీహెచ్‌లో సర్జరీ, యూరాలజీ, హార్మోన్లు చూసే ఎండోక్రైనాలజీ విభాగాలున్నాయి. ఓపీ చీటీ మీద జబ్బు పేరు రాయించుకోనక్కర్లేదు, ఏ విభాగమో చెబితే చాలు. ఉక్కునగరం వాళ్లకు స్టీల్‌ప్లాంటు ఆసుపత్రి, పోర్టు కుటుంబాలకు పోర్టు ఆసుపత్రి ఎలాగూ ఉన్నాయి. భయమే జబ్బైపోయి నిద్ర పట్టనివాళ్లకు చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. అంతదూరం వెళ్లలేకపోతే టెలి మానస్ నంబరు 14416కి ఏ వేళైనా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడొచ్చు, డబ్బు కట్టనక్కర్లేదు.

ఆర్మీకో పోలీసుకో తయారవుతున్న తమ్ముళ్లకు చివరిగా ఒక మాట. పరుగు సాధన మొదలుపెట్టిన నెలలోనే ఒకసారి ప్రభుత్వాసుపత్రికి వెళ్లి సర్జన్‌కి పూర్తిగా చూపించుకోండి. అక్కడ బయటపడేవాటిలో చాలావరకు ఆపరేషన్ చేయించుకుని, మానాక మళ్లీ ప్రయత్నించదగినవే. ర్యాలీ డాక్టరు నోట మొదటిసారి వినేసరికి ఆ ఏడాది అవకాశం పోతుంది.